హలీం కాదు, హరీస్ అని రాయి

ఖాలా పోయింది. మొన్న మంగళవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను పళ్ళు తోముకుంటున్నాను. "చాచా, అమ్మ పోయింది. నిద్రలనే," అంది. నోట్లో నురగ ఉమ్మేసి నేను అడిగిన మొదటి మాట: "గోధుమలు నానబెట్టిందా?"

చావు కబురు విన్నవాడు అడగాల్సిన ప్రశ్న కాదది. పక్కనే ఉన్న మా ఇంటావిడ నన్ను చూసిన చూపు ఇంకా వీపు మీద మండుతూనే ఉంది. కానీ ఆ అమ్మాయి వింతపడలేదు. "నానబెట్టింది చాచా, పెద్ద గిన్నె నిండ," అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. అరబ్బీలో కూడా అదే మాటట, ఆమే చెప్పింది. నాకు పిన్నమ్మ ఏమీ కాదు. నాకంటే నాలుగేళ్ళు చిన్నది కూడాను. "నెత్తి తెల్లగైనోడివి, నన్ను ఖాలా అంటవేంది సాబ్?" అని తిట్టేది. అయినా అందరూ అలాగే పిలిచారు, నేనూ పిలిచాను. రాయదుర్గంలో మెట్రో దిగి, అద్దాల టవర్ల వెనక సందులోకి మళ్ళితే, ఒక టవర్ పక్క గేటు దగ్గర ఆమె దుకాణం. నాలుగు బల్లలు, ఒక పెద్ద కుండ, కుండ వెనక ఆమె. దొరికేవి మూడే: ఉప్పు హరీస్, తీపి హరీస్, గహ్వా. ఇంకేమున్నాయని అడిగితే "నీళ్ళున్నయ్" అనేది.

పోయినవాళ్ళను సౌమ్యులని, మృదుభాషులని రాయడం మనకు అలవాటు. ఖాలా రెండూ కాదు. ఇరవై ఏళ్ళ పైచిలుకు పరిచయంలో ఆమె ఒక్క మాట మీద నిలబడింది. ఆ ఒక్క మాటని ఊరంతా తలా ఒకవైపు లాగుతుంటే, ఆమె ఇటువైపు లాగుతూనే పోయింది. ఆ మాట బోర్డు మీద తప్పుగా రాసిన మొదటివాణ్ణి నేనే. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయడం.

నేను బోర్డులు రాసేవాణ్ణి. పెద్ద చదువు లేదు. మూడో తరగతిలో ఉండగా పంతులుగారు బడి గోడ మీద 'ఇచట మూత్ర విసర్జన చేయరాదు' అని రాయమంటే రాశాను. అక్షరాలు గుండ్రంగా కుదిరాయని శేరిలింగంపల్లిలో పచారీ కొట్టాయన పిలిచాడు, తర్వాత మంగలి షాపాయన పిలిచాడు, ఇగ బడివైపు పోనేలేదు. తెలుగూ ఇంగ్లీషూ ఉర్దూ మూడూ గోడల మీదే నేర్చుకున్నాను. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుందని తెలుసు గానీ ఎంత చోటు పడుతుందో తెలియక, మొదటిసారి ఎడమవైపు జానెడు ఖాళీ మిగిలిపోయింది. అక్కడ ఒక చంద్రవంక గీసి పరువు దక్కించుకున్నాను. కొట్టాయనకి అదే నచ్చింది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి నా అక్షరాలన్నిటినీ కప్పేశాయి. సరే, అది నా ఏడుపు. ఖాలా దగ్గరికి వద్దాం.

అప్పటికి ఆ టవర్ లేదు, గొయ్యి మాత్రం ఉంది. ఆమె భర్త అక్కడ సెంట్రింగ్ మేస్త్రి. ఆమె టార్పాలిన్ కింద కుండ పెట్టి కూలీలకు వడ్డించేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "రేకు మీద బోర్డు రాయాలె సాబ్. హరీస్ అని," అంది. నేను నవ్వుకున్నాను. రంజాన్ నెలలో హలీం తినని వాడు ఈ ఊళ్ళో ఎవడు? పాపం, నోరు తిరగలేదేమో అనుకున్నాను. పెద్దమనసు చేసుకుని, ఎర్రటి అక్షరాలకు పసుపు నీడ పెట్టి, 'హలీం' అని దిట్టంగా రాసి తీసుకెళ్ళాను.

ఆమెకు తెలుగు చదవడం రాదు. పక్కనున్న పాలమూరు కూలీని పిలిచి "చదువు బిడ్డా" అంది. అతను గట్టిగా చదివాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఎవలు జెప్పిండ్రు నీకు, హలీం అని?"

"అది కాదు ఖాలా, మీరు తొందర్లో తప్పు పలికారేమోనని..."

"నేను చెప్పింది రాయి సాబ్. నీకు తెల్సింది కాదు."

నా వృత్తిలో నేను విన్న ఒకే ఒక్క పాఠం అది. కుంచె పట్టేవాడికే కాదు, కలం పట్టేవాడికీ పనికొస్తుంది. అక్కడే కూచుని 'లీం' మీద తెల్లరంగు వేసి, 'రీస్' అని రాశాను. మొదటి అక్షరం 'హ' ఒక్కటే రెండిటికీ ఉమ్మడిగా మిగిలింది. బద్ధకించి ఒక్క పూతతో సరిపెట్టాను. దాంతో వాన పడ్డప్పుడల్లా 'రీస్' వెనకనుంచి ఎర్రగా 'లీం' తొంగి చూసేది. "చూడు సాబ్, నీ తప్పు తానం చేసి బయటికొచ్చింది," అని నవ్వేది. ఏళ్ళ తరబడి ప్రతి వానకీ ఆ మాట పడ్డాను.

ఆ రోజు పని అయ్యాక ఒక గిన్నెలో పెట్టి ఇచ్చింది. గోధుమలు, ఎముకతో ఉన్న మటన్, ఉప్పు. అంతే. ముందురోజు నానిన గోధుమలు మాంసంతో కలిసి గంటలు గంటలు ఉడకాలి. కర్రతెడ్డుతో దంచి దంచి, ఏది గోధుమో ఏది మాంసమో వాటికే తెలియకుండా చెయ్యాలి. పైన కాచిన నెయ్యి. మిరపకాయ లేదు, మసాలా లేదు, వేయించిన ఉల్లిపాయ లేదు. మొదటి ముద్ద తిని, జ్వరమొచ్చినోడికి పెట్టే జావలా ఉందన్నాను. "అయిదో ముద్ద తిని చెప్పు," అంది. అయిదో ముద్దకు తెలిసింది, గోధుమకి తనదంటూ ఒక రుచి ఉంటుందని. అంతకాలం కారమే తిని, కారం దేనిమీద కూచుందో చూసుకోలేదు.

"మరి హలీమో?" అని అడిగాను.

"హలీం దీని బిడ్డ. ఈడికొచ్చినంక పుట్టింది. మసాలా పూసుకున్నది, సింగారించుకున్నది. మంచిగుంటది, నాకూ ఇష్టమే. కానీ బిడ్డ పేరు తల్లికి పెడ్తరా ఎవలన్న?"

వాళ్ళది పాతబస్తీ పక్కన బార్కస్. తాతగారు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చాడట. ఇక్కడ నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. గోడల మీద చదువుకున్న పాండిత్యమంతా బయటికి తీశాను. "మీ ఊరి పేరే చూడండి ఖాలా. ఫౌజీలుండే బ్యారక్స్ కాస్తా నోరు తిరగక బార్కస్ అయింది. రాయదుర్గాన్ని రాయదుర్గ్ చేశారు. మాటలు మారతాయి. హరీస్ హలీం అయితే మునిగిందేంటి?"

ఆమె తెడ్డు ఆపలేదు. "నోరు తిరగక మారితే ఫికర్ లేదు సాబ్, నోటికి మాఫ్. నోరు మంచిగ తిరుగుతున్నోళ్ళు, ఎక్కువ అమ్ముడు పోతదని మారిస్తే, అది మారుడు కాదు. మరుగు చేసుడు."

నా పాండిత్యం మడిచి పెట్టి, గిన్నె తుడుచుకుని తిన్నాను.

ఇక గహ్వా. మనకు కాఫీ అంటే పాలు, చక్కెర, పైన నురగ. ఇది లేత పసుపురంగు నీళ్ళలా ఉంటుంది. కాఫీగింజని సగమే వేయించి, యాలకులు దండిగా వేసి కాస్తారు. చక్కెర వెయ్యరు, పక్కన ఖర్జూరం పెడతారు. పోసేది ఫింజాన్‌లో, అంటే చెవి లేని బుల్లి గిన్నె, పిడికిట్లో దాగిపోతుంది. మొదటిసారి నాకు పోసింది, తాగాను. మళ్ళీ పోసింది. మర్యాద కదా అని తాగాను. మళ్ళీ పోసింది. తొమ్మిది గిన్నెలు తాగాను. పదోదానికి "ఖాలా, నన్ను చంపుతారా?" అన్నాను. ఆమె తెడ్డు వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపమని నోటితో చెప్పకూడదట. తాగిన గిన్నెని చేత్తో ఇటూ అటూ ఊపి ఇవ్వాలి. ఊపితే చాలు అని. ఊపకుండా చాపితే, ఇంకా పొయ్యమని. ఊపేదాకా పోసేవాళ్ళు ఆపడానికి లేదు. "మా తాత ఉట్టి చేతులతో వచ్చిండు సాబ్. తెచ్చింది రెండే. గోధుమ ఉడకబెట్టుడు, గిన్నె ఊపుడు."

ఈమధ్య నా చేతులు వణుకుతున్నాయి. బోర్డులు రాసినవాడికి దేవుడు చేసే ఎకసెక్కం అది. ఫింజాన్ చాపితే దానంతట అదే ఊగేది. ఎవరైనా అయితే చాలనుకుని తీసుకుపోయేవాళ్ళు. ఖాలా ఒక్క క్షణం నా చేతిని చూసి, "ఇది వణుకు, ఊపు కాదు," అని పోసేది. నా ఇరవై ఏళ్ళ స్నేహంలో నాకు దక్కిన అతి పెద్ద గౌరవం అదే.

టవర్ లేచింది. మేస్త్రి దాని పై అంతస్తు చూడకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. టవర్ కంటే ముందు నుంచి ఉన్నదని ఆమెకు పక్క గేటు దగ్గర ఆ గది ఇచ్చారు. లోపల కంప్యూటర్ల ముందు కూచునే పిల్లలు ఒక్కొక్కరే దిగి రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక అనంతపురం అబ్బాయి, టీమ్ లీడరట. రెండో రోజే జేబులోంచి పొట్లం తీసి హరీస్ మీద ఏదో చల్లుకుంటున్నాడు. ఖాలా చూసింది.

"ఏంది బిడ్డా అది?"

"కారప్పొడి ఖాలా. మా అమ్మ పంపింది. సప్పగుంటే మాకు ముద్ద దిగదు."

"మీ అమ్మ పప్పు చేస్తే నేనొచ్చి దాంట్ల చక్కెర ఏస్తనా?"

"ఏస్తే మా అమ్మ తన్నుతాది ఖాలా."

"ఆఁ! గదే. నాకూ కాలున్నది."

అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రోజూ వచ్చాడు. పొట్లం జేబులోనే ఉండేది, జబ్బు తగ్గినా తాయెత్తు విప్పనట్టు. తియ్యడం మాత్రం తియ్యలేదు.

ఇంకో సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. ఈ చుట్టుపక్కల సందుకో మందీ హోటల్ వెలిసింది కదా, పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం, చుట్టూ కూచుని తినడం. అదీ ఖాలావాళ్ళ వైపు తిండే. బోర్డుల మీద మాత్రం 'మండి' అని రాస్తారు. అది చూసినప్పుడల్లా నా ఒళ్ళు మండి, ఒకసారి ఖాలాని అడిగాను, అసలు ఎలా పలకాలని. "ద. మం-దీ. పదిమంది ఒక పళ్ళెంల తినేది. మీ తెలుగుల మంది అంటరు కద? గట్లనే రాయమను, తప్పు పోదు," అంది. అరబ్బీ మాటకి తెలుగులో ఇంతకన్నా మంచి నిఘంటువు నేను చూడలేదు.

పోయిన ఏడాది టవర్‌కి కొత్త మేనేజర్ వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. రోజూ పదింటికి వచ్చి తీపి హరీస్ తినేవాడు, "మా అమ్మమ్మ చేసే గోధుమరవ్వ పాయసంలా ఉందండి" అనుకుంటూ. ఒకరోజు గిన్నె ఖాళీ చేసి, గొంతు సవరించుకున్నాడు. నేనూ, అనంతపురం అబ్బాయీ అక్కడే ఉన్నాం.

"అమ్మగారూ, మీ మంచికే చెప్తున్నానండి. హరీస్ అంటే ఎవరికి తెలుస్తుందండి? 'అరేబియన్ హలీం' అని బోర్డు మార్చండి. కాస్త మసాలా దట్టించండి. జనం గేటు దాకా లైన్ కడతారు. లేదంటే పైవాళ్ళు ఈ గది వేరేవాళ్ళకి ఇద్దామంటున్నారండి."

ఖాలా అతనికి గహ్వా పోసింది. "సార్, మీ పేరేంది?"

అతను చెప్పాడు.

"దానికంటె మస్తు పేరు నేను చెప్త. పెట్టుకుంటరా? లైన్ కడతరు."

అనంతపురం అబ్బాయికి పొలమారింది. మేనేజర్ కూడా నవ్వేశాడు గానీ వదల్లేదు. "అది కాదండి అమ్మగారూ, ఎన్నాళ్ళని ఇలా..."

ఆమె తన ఫింజాన్ ఎత్తి, కదలకుండా చూపించింది. "నేనింకా ఊపలేదు సార్."

అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ ఏడాదంతా అతను నెలకోసారి అదే మాట అడుగుతూనే ఉన్నాడు. ఆమె అదే జవాబు చెబుతూనే ఉంది. మంగళవారం తెల్లారేదాకా ఊపలేదు.

ఆమెను బార్కస్ తీసుకెళ్ళారు. కూతురు నానిన గోధుమల గిన్నెని ఒళ్ళో పెట్టుకుని కారులో కూచుంది. మేనమామ ఇంట్లో ఎవరో అన్నారట, చావింటి గోధుమలు పారబొయ్యమని. అమ్మాయి గిన్నె వదల్లేదు. చివరికి పక్కింటి ఆడవాళ్ళు తీసుకుని వాళ్ళ పొయ్యి మీద ఎక్కించారు. మట్టి ఇచ్చి వచ్చినవాళ్ళం అందరం ఆమె నానబెట్టిన హరీసే తిన్నాం. తన దినం భోజనం తనే ఏర్పాటు చేసుకున్న మనిషిని నేను ఇంకెవరినీ ఎరగను. అనంతపురం అబ్బాయి సెలవు పెట్టుకుని వచ్చాడు. గిన్నె అందుకోగానే అతని చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఖాళీగా బయటికి వచ్చింది.

ఐదోరోజు మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. "గురువుగారూ, అమ్మగారు వెళ్ళిపోయారు కదండి. ఆ అమ్మాయి మెత్తని పిల్ల, చెప్తే వింటుంది. రేపు బోర్డు మార్పించేద్దామండి. మీ చేత్తోనే రాయాలి, అమ్మగారి మీద గౌరవంగా ఉంటుంది."

"రాస్తానండి. పదింటికి రండి," అన్నాను.

ఎనిమిదింటికే వెళ్ళాను. అమ్మాయి అప్పటికే దుకాణం తెరిచి, కుండ మీద వంగి దంచుతోంది. నేను బోర్డు దింపి గీకడం మొదలుపెట్టాను. ముందు 'రీస్' పోయింది, దాని కింది తెలుపు పోయింది, దాని కింద నా పాత 'లీం' పోయింది. చివరికి 'హ' కూడా పోయి ఉత్త రేకు మిగిలింది. తెల్లరంగు పూశాను, ఈసారి రెండు పూతలు. ఆరేదాకా కూచుని, మళ్ళీ పైన తగిలించాను.

అప్పుడు భయం పట్టుకుంది. నాకు ఏం రాయాలని ఉందో నాకు తెలుసు. కానీ నేర్చుకున్న పాఠమేమిటి? నీకు తెల్సింది కాదు, నేను చెప్పింది రాయి. దుకాణం ఇప్పుడు ఆ అమ్మాయిది. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడగా చూడలేదు. గది పోతుందన్న భయం ఆమెకు ఉంటుంది, తప్పేమీ లేదు. ఆమె హలీం అంటే, నేను నోరు మూసుకుని హలీం అనే రాయాలి. లేకపోతే ఖాలా దగ్గర నేర్చుకున్నది అబద్ధం.

"ఏం రాయమంటవు బిడ్డా?" అని అడిగాను.

తెడ్డు రెండుసార్లు పడింది, లేచింది.

"మామూలుదే రాయి చాచా. హరీస్."

"అమ్మ మాట అనా?"

తెడ్డు ఆగింది. "అమ్మ మాట అమ్మతోటి పాయె. నేను చెప్తున్న. నేను చెప్పిందే రాయి."

రాశాను. చెయ్యి వణికింది, 'హ' కొంచెం అలలా వచ్చింది. ఉండనీ. 'రీ' దగ్గర ఉండగా పది గంటలైంది, మేనేజర్ వచ్చాడు. అమ్మాయి తీపి హరీస్ మీద నెయ్యి పోసి అతని ముందు పెట్టింది. అతను రెండు చెంచాలు తిన్నాక తలెత్తి బోర్డు చూశాడు.

"గురువుగారూ... ఇది... పైవాళ్ళు ఒప్పుకోరండి. గది ఖాళీ చెయ్యమంటారు."

నాకంటే ముందు అమ్మాయి అందుకుంది. "హలీం బిడ్డ సార్, హరీస్ తల్లి. గది అడిగితే ఇచ్చేస్తం. పేరు ఇయ్యం. గోడ పక్కకి పోయి టార్పాలిన్ కట్టుకుంటం, ఈ టవర్ గొయ్యి ఉన్నప్పుడు అమ్మ గట్లనే కూచున్నది. మీరు తినుడు ఆపుతరా?"

అతను గిన్నెలోకి చూశాడు. చెంచా మాత్రం కిందపెట్టలేదు.

ఆమె ఆత్మకు శాంతి కలగాలని నేను రాయను. ఖాలాకి శాంతి మీద ఎప్పుడూ అంత మక్కువ లేదు. గది ఉంటుందో పోతుందో కూడా నాకు తెలియదు. ఈ బోర్డు మాత్రం, ఎంత వాన పడినా, వెనకనుంచి ఇంకో మాట తొంగి చూడదు. కింద రేకు తప్ప ఏమీ లేదు.

'స్' పైన పొల్లు సరిచేసి, స్టూలు దిగి కూచున్నాను. అమ్మాయి గహ్వా పోసింది. తాగి చాపాను. పోసింది. తాగి చాపాను. మేనేజర్ గడియారం చూసుకుని, "అయిపోయిందాండి, మాట్లాడుకుందామా?" అన్నాడు. నేను ఫింజాన్ మళ్ళీ చాపాను. వేళ్ళు వణుకుతున్నాయి, గిన్నె సన్నగా ఊగుతోంది. ఎడమచేత్తో నా కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

అమ్మాయి గహ్వా కూజా ఎత్తినదల్లా ఆగి, నా చేతినే చూసింది. అచ్చం వాళ్ళమ్మలాగే చూసింది.

"వణుకా, ఊపా చాచా?"

"వణుకే బిడ్డా."

పోసింది.